బండి నాడి

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ మీడియం బడిలో లెక్కలు, సైన్సు చెప్పుకునే మేము మోటారు బండ్ల గురించి మాట్లాడబోతున్నామంటే మీలో కొందరు నవ్వుకుంటున్నారు. నవ్వండి, తప్పు లేదు. స్పానరు ఏ చేత్తో పట్టుకోవాలో కూడా మాకు సరిగ్గా తెలియదు. కానీ మన ఊరి బైపాసు పక్కనున్న షెడ్లలో నల్లబట్టలు వేసుకొని బండ్ల కింద పడుకున్న పిల్లల్లో సగం మంది ఒకప్పుడు మా తరగతి బెంచీల మీద కూర్చున్నవాళ్ళే. ఇక మన ఇళ్ళ సంగతి చూస్తే, కొత్త కారు కొనే స్తోమత కొద్దిమందికే. పది, పన్నెండేళ్ళ పాత బండి కొనుక్కొని, దాని మీదే నాలుగు డబ్బులు సంపాదించుకునేవాళ్ళు చాలామంది. అందుచేత ఈ విషయం మనందరిదీ. పైగా ఈ విషయంలో మేము ఒక పెద్ద పొరపాటు చేసినాము. దాన్ని మీ ముందు ఒప్పుకోవాలని కూడా ఉన్నది.

మొదట పాత కాలం సంగతి. అంబాసిడరు, పద్మిని, తొలినాటి మారుతి 800, వీటన్నిటికీ కార్బురేటరు ఉండేది. గాలి, పెట్రోలు అందులో కలిసి ఇంజనులోకి పోయేవి. పాళ్ళు తప్పితే ఉస్తాద్ బానెట్టు ఎత్తి, చెవి ఒగ్గి విని, స్క్రూడ్రైవరుతో ఒక చుట్టు ఇటు, అర చుట్టు అటు తిప్పేవాడు. ప్లగ్గు రంగు చూసి ఇంజను ఆరోగ్యం చెప్పేవాడు. హకీము నాడి పట్టుకొని రోగం చెప్పినట్టే అది. ఆ బండ్లలో కంప్యూటరు లేదు. కాబట్టి వాటికి ఏ స్కానరూ పనికిరాదు. ఎవరైనా మీ కార్బురేటరు బండికి "స్కానింగు చేస్తాను" అంటే, డబ్బులు జేబులోనే ఉంచుకోండి.

తరువాత పొగ మీద ప్రభుత్వ నిబంధనలు వచ్చినాయి. కార్బురేటరు పోయి ఇంజెక్టర్లు వచ్చినాయి. ఎంత పెట్రోలు చిమ్మాలో ఒక చిన్న కంప్యూటరు లెక్క కడుతుంది. దానికి కళ్ళూ చెవులూ సెన్సర్లు. ఇంజను నీళ్ళ వేడి చెప్పేది ఒకటి, లోపలికి పోయే గాలి సంగతి చెప్పేది ఒకటి, ఇంజను ఎంత వేగంగా తిరుగుతున్నదో చెప్పేది ఒకటి, పొగ గొట్టంలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో చెప్పేది ఒకటి. వీటిలో ఏదైనా లెక్కకు అందకపోతే కంప్యూటరు ఒక నంబరు రాసిపెట్టుకొని, డ్యాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ ఉన్న పసుపు దీపం వెలిగిస్తుంది. ఆ నంబరును చదివే సాధనమే స్కానరు.

మొదట్లో ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. కొన్ని పాత బండ్లలో రెండు పిన్నులను వైరు ముక్కతో కలిపితే దీపం మిణుకుమిణుకుమని ఆరి వెలుగుతుంది, ఆ మిణుకులు లెక్కపెట్టి నంబరు తెలుసుకోవాలి. అమెరికాలో 1996 నుండి అమ్మే కార్లన్నిటికీ ఒకే రకం సాకెట్టు, ఒకే రకం నంబర్లు ఉండాలని నియమం పెట్టినారు. దానినే ఓబీడీ-2 అంటారు. మన దేశంలో బీఎస్-4 బండ్లకు 2010 ఏప్రిల్ నుండి మొదటి మెట్టు, 2013 ఏప్రిల్ నుండి రెండో మెట్టు ఓబీడీ వచ్చింది. అయితే 2010లో బీఎస్-4 అమలైంది హైదరాబాదుతో కలిపి 13 నగరాల్లోనే. దేశమంతటా అమలైంది 2017 ఏప్రిల్ నుండి. కాబట్టి ఒకే సంవత్సరం మోడలు అయినా, హైదరాబాదులో రిజిస్టరైన బండికీ చిన్న ఊరి బండికీ ఈ విషయంలో తేడా ఉండవచ్చు. స్టీరింగు కింద, మోకాళ్ళ దగ్గర చెయ్యి పెట్టి చూడండి. పదహారు పిన్నుల సాకెట్టు ఉంటే మాట్లాడే అవకాశం ఉన్నదన్నమాట. సాకెట్టు ఉన్నా కొన్ని పాత బండ్లు మామూలు స్కానరుకు పలకవు, కంపెనీ సాధనానికే పలుకుతాయి.

ఇప్పుడు మా పొరపాటు వినండి.

మా చెల్లెలి ఇంటాయన అద్దెకు కారు నడుపుతాడు. 2014 మోడలు పెట్రోలు బండి, సెకండ్ హ్యాండ్. పోయిన వానాకాలంలో ఇంజను దీపం వెలిగింది. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే బండి 11కు దిగింది. వెనుక నిలబడితే పెట్రోలు వాసన. మా దగ్గరకు వచ్చినాడు. మేము అప్పటికే ఫోనుకు తగిలించుకునే చిన్న స్కానరు ఒకటి కొనుక్కొని, కొత్తగా సైకిలు నేర్చుకున్న పిల్లవాడిలా ఎవరి బండికి పెడదామా అని ఉన్నాము. షెడ్డుకు పోయి సాకెట్టులో పెట్టినాము. పీ 0171 అని వచ్చింది. అంటే ఇంజనులో పెట్రోలు పాలు తక్కువ, గాలి పాలు ఎక్కువ అని అర్థం. ఫోనులో నాలుగు వీడియోలు చూసి, ఆక్సిజన్ సెన్సరు పోయిందని మేమే తీర్పు ఇచ్చేసినాము.

ఆ షెడ్డు ఉస్తాద్‌కు అరవై దాటినాయి. ఆయన మెల్లగా, "మాస్టర్ సాబ్, ఒకసారి ప్లగ్గులు తీసి చూద్దామా?" అన్నాడు. మేము, "కంప్యూటరే చెప్తుంటే ఇంకా ప్లగ్గులెందుకు ఉస్తాద్?" అన్నాము. షాగిర్దులందరి ముందే అన్నాము. ఆయన మారుమాట్లాడకుండా చేతులు కడుక్కొని టీ తాగడానికి వెళ్ళిపోయినాడు. మా పాత విద్యార్థి ఒకడు అక్కడే పని చేస్తున్నాడు. వాడు ఉస్తాద్ వైపు చూసినాడు, మా వైపు చూసినాడు, చివరికి పంతులు మాటే విన్నాడు.

సెన్సరుకు నాలుగు వేల పైచిలుకు అయింది. కోడు చెరిపేస్తే దీపం ఆరింది. మాకు గర్వం. మూడో రోజు మళ్ళీ వెలిగింది. ఫిల్టరు మార్చినాము. ఇంజెక్టర్లు కడిగించినాము. మళ్ళీ వెలిగింది. మొత్తం తొమ్మిది వేల దాకా పోయింది. ఆరు రోజులు బండి కదలలేదు. ఆ నెల బండి కిస్తు మా చెల్లెలు చీటీ డబ్బులోంచి కట్టింది. ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే మాకు ఎక్కువ గుచ్చుకున్నది.

ఏడో రోజు పొద్దున్నే ఉస్తాద్ ఇంటికి పోయినాము. ఆయన మనసులో ఏమీ పెట్టుకోకుండా వచ్చినాడు. రాత్రంతా చల్లబడిన ఇంజను. ముందు ప్లగ్గులు తీసినాడు. నాలుగూ మసిపట్టి నల్లగా ఉన్నాయి. మాకు చూపించి ఇలా అన్నాడు: "మీ మిషను పెట్రోలు తక్కువంటున్నది. ఈ ప్లగ్గు పెట్రోలు ఎక్కువంటున్నది. ఇద్దరిలో ఒకరికి ఎవరో అబద్ధం చెప్పినారు మాస్టర్ సాబ్."

ప్లగ్గులు బిగించి స్టార్టు చేయించినాడు. బానెట్టు కింద చెవి పెట్టినాడు. టిక్, టిక్, టిక్ అని సన్నటి చప్పుడు. రెండు మూడు నిమిషాలు వేడెక్కగానే చప్పుడు తగ్గిపోయింది. బండిని ఎప్పుడూ వేడిగా ఉన్నప్పుడే చూసిన మాకు అది వినపడే అవకాశమే లేదు. ఇంజను తలకు పొగ గొట్టం కలిసే చోట, మ్యానిఫోల్డు గాస్కెట్టు ఒక మూల కాలిపోయి ఉన్నది. పక్కనే నల్లటి మసి గీత.

జరిగింది ఏమిటంటే, ఆ సందులోంచి పొగ బయటికి తన్నుతుంది. తన్నిన ప్రతిసారీ వెనువెంటనే బయటి గాలి కొంచెం లోపలికి లాగబడుతుంది. ఆ గాలిలో ఆక్సిజన్ ఉన్నది కదా, దాని తరువాత కూర్చున్న సెన్సరు దానిని చూసి, "గాలి ఎక్కువైంది" అని నిజమే చెప్పింది. కంప్యూటరు ఆ మాట నమ్మి, అవసరం లేని పెట్రోలు అదనంగా పోసింది. అందుకే ప్లగ్గులకు మసి, అందుకే వాసన, అందుకే మైలేజీ పోయింది. పాత సెన్సరూ మంచిదే, కొత్తదీ మంచిదే. గాస్కెట్టు మారిస్తే, కూలీతో కలిపి, మేము పోగొట్టిన దానిలో ఆరో వంతు కూడా కాలేదు.

బడిలో మేము రోజూ చూసేదే ఇది. మేము బయటికి వెళ్తే క్లాసు లీడరు అల్లరి చేసినవాడి పేరు బోర్డు మీద రాస్తాడు. తిరిగి వచ్చి చూసి ఆ పిల్లవాణ్ణి కొడితే సరిపోదు. వాడు ఎందుకు అరిచినాడు? వెనుకనుండి గిల్లినవాడి పేరు బోర్డు మీద లేదు. కోడు అనేది అరిచినవాడి పేరు. గిల్లినవాణ్ణి మనిషే వెతకాలి. ఇరవై ఏళ్ళు పిల్లల దగ్గర ఈ మాట తెలిసి ఉండి, బండి దగ్గర మరిచిపోయినాము.

అయితే స్కానరు దండగ అని మేము చెప్పడం లేదు. ఆ రోజే మా విద్యార్థి ఫోనులో ఇంకొక పేజీ తెరిచి చూపినాడు. కోడు కాకుండా, ఇంజను నడుస్తుండగా కనిపించే అంకెలవి. ఫ్యూయల్ ట్రిమ్ అని ఒక లెక్క ఉంటుంది. తన మామూలు లెక్కకన్నా కంప్యూటరు ఎంత శాతం పెట్రోలు ఎక్కువో తక్కువో పోస్తున్నదో చెబుతుంది. పది శాతం లోపు అటూ ఇటూ ఉంటే సాధారణంగా భయం లేదు. మా బండిలో ఖాళీగా నిలబెట్టినప్పుడు 18 శాతం ఎక్కువ. 2500 చుట్లకు పెంచితే 6కు దిగింది. పంపు బలహీనమై పెట్రోలే అందకపోతే, వేగం, బరువు పెరిగే కొద్దీ ఈ అంకె పెరగాలి. ఇక్కడ తగ్గుతున్నది. అంటే ఎక్కడో చిన్న గాలి సందు ఉన్నది, ఇంజను నెమ్మదిగా ఉన్నప్పుడు దాని ప్రభావం ఎక్కువ, జోరుగా ఉన్నప్పుడు తక్కువ. ఆ అంకెలు మొదటి రోజునే మా ముందు ఉన్నాయి. మేము చూడలేదు. ఉస్తాద్ చెవి, యంత్రం అంకె రెండూ ఒకే చోటికి వేలు చూపించినాయి. గాస్కెట్టు మార్చిన నాలుగు రోజులకు ఆ లెక్క 3 శాతం దగ్గర నిలబడింది. దీపం మళ్ళీ వెలగలేదు.

ఈ అనుభవంతో, ఉస్తాద్ దగ్గర కూర్చొని నేర్చుకున్న వరసను మీకు మనవి చేస్తున్నాము. షెడ్డు పిల్లలు, బండి ఉన్నవాళ్ళు గుర్తుపెట్టుకోండి.

మొదట మనిషిని అడగండి. దీపం ఎప్పుడు వెలిగింది, చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కినాకనా, అంతకుముందు ఏం రిపేరు చేయించినారు. సగం రోగం ఇక్కడే తెలుస్తుంది.

రెండవది బ్యాటరీ. ఇంజను ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర, నడుస్తున్నప్పుడు 13.5 నుండి 14.5 మధ్య ఉండాలి. బ్యాటరీ నీరసంగా ఉంటే కంప్యూటరు పూనకం వచ్చినట్టు లేనిపోని కోడ్లు చెప్తుంది.

మూడవది, కోడు చదివి కాగితం మీద రాసుకోండి. రాయకుండా చెరపవద్దు. కోడు పడిన క్షణంలో ఇంజను వేడి ఎంత, వేగం ఎంత అని కంప్యూటరు ఒక ఫోటోలాగా దాచిపెడుతుంది. కోడు చెరిపితే అదీ పోతుంది. డాక్టరు రాకముందే గాయం తుడిచేసినట్టు అవుతుంది.

నాలుగవది, కోడుకు అర్థం తెలుసుకోండి. పీ అంటే ఇంజను, గేరుబాక్సు సంబంధం. తరువాతి అంకె సున్నా అయితే అన్ని కంపెనీలకూ ఒకటే అర్థం, ఒకటి అయితే ఆ కంపెనీ సొంతం. ఆ తరువాతి అంకె 1 అయితే గాలి, పెట్రోలు కొలత సంగతి. 3 అయితే నిప్పురవ్వ, మిస్‌ఫైరు సంగతి. 4 అయితే పొగ శుద్ధి చేసే భాగాలు. పీ 0301 అంటే ఒకటో సిలిండరు సరిగ్గా మండటం లేదని. వెంటనే కాయిలు కొనకండి. ప్లగ్గు మీదే కాయిలు ఉండే బండి అయితే ఒకటో కాయిలు రెండో దానికి, రెండోది ఒకటో దానికి మార్చి నడపండి. కోడు పీ 0302గా మారితే తప్పు కాయిలుది. మారకపోతే ప్లగ్గో, ఇంజెక్టరో, లోపలి కంప్రెషనో చూడాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

అయిదవది, నడుస్తున్న అంకెలు చూడండి. ఇంజను నీళ్ళ వేడి 80 నుండి 100 డిగ్రీల మధ్య నిలబడాలి. అరగంట నడిపినా 60 దాటకపోతే థర్మోస్టాటు తెరుచుకొని ఉండిపోయిందేమో చూడాలి. ఒకసారి మా విద్యార్థి మే నెల ఎండలో ఒక బండికి పెట్టి చూస్తే మైనస్ 40 డిగ్రీలు చూపింది. మన ఊళ్ళో మంచు కురిసిందా? లేదు. ఆ సెన్సరు వైరు ఊడిపోయింది. వైరు తెగితే కంప్యూటరుకు అలాగే కనిపిస్తుంది. ఎలుక కొరికిన వైరు అతికిస్తే సరిపోయింది. కోడులో సెన్సరు పేరు చూసి కొత్తది కొని ఉంటే డబ్బులు ఎలుకకు దానం చేసినట్టే.

చివరిది, పని అయినాక కోడు చెరిపి, నాలుగు రోజులు నడిపి మళ్ళీ చూడండి. దీపం ఆర్పడం వైద్యం కాదు. మళ్ళీ వెలగకపోవడం వైద్యం.

దీపం గురించి ఇంకొక మాట. నిలకడగా వెలిగితే వీలు చూసుకొని షెడ్డుకు తీసుకుపోవచ్చు. టపటపా కొట్టుకుంటుంటే మాత్రం ఇంజను తీవ్రంగా మిస్‌ఫైరు అవుతున్నదని అర్థం. మండని పెట్రోలు పొగ గొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టరులోకి పోయి అక్కడ మండుతుంది. దాన్ని మార్చాలంటే చాలా ఖర్చు. వేగం తగ్గించి, పక్కకు ఆపుకోండి. ఎర్ర దీపాలు, ఆయిలుదైనా వేడిదైనా, వెలిగితే స్కానరు కోసం వెతకవద్దు. వెంటనే ఇంజను ఆపండి.

పాత బండి కొనేవాళ్ళకు కూడా ఇది ఉపయోగం. కొందరు అమ్మేముందు కోడు చెరిపి దీపం ఆర్పి చూపిస్తారు. స్కానరులో రెడీనెస్ అని ఒక పేజీ ఉంటుంది. కంప్యూటరు తన సొంత పరీక్షలు పూర్తి చేసుకున్నదా లేదా అని అది చెప్తుంది. చాలా పరీక్షలు "పూర్తికాలేదు" అని ఉంటే, ఈ మధ్యే కోడు చెరిపినారో, బ్యాటరీ తీసినారో అయి ఉండాలి. అడగండి. జవాబు నమ్మకంగా లేకపోతే రెండు రోజులు ఆగండి.

స్కానరు చెప్పలేనివి కూడా చాలా ఉన్నాయి. టైమింగు బెల్టు ఎన్నాళ్ళదో చెప్పదు. రేడియేటరు ఎంత పూడుకుపోయిందో చెప్పదు. చాలా చిన్న కార్లలో పెట్రోలు ఒత్తిడి కొలిచే సెన్సరే ఉండదు, దానికి గేజి పెట్టి చూడాల్సిందే. ఇంకొక చిన్న జాగ్రత్త. ఆ సాకెట్టుకు బ్యాటరీ కరెంటు ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. స్కానరు అందులోనే వదిలేసి బండి వారాల తరబడి నిలబెడితే బ్యాటరీ దిగిపోవచ్చు.

ఇక పిల్లల సంగతి చెప్పి ముగిస్తాము. ఆ యంత్రం ఇంగ్లీషులో మాట్లాడుతుంది. ఎనిమిదో తరగతిలో బడి మాని షెడ్డుకు పోయిన పిల్లవాడికి చేతి పని వస్తుంది, ఆ తెర మీది రాత రాదు. అప్పుడు వాడు మాలాంటి అరకొర పండితుణ్ణి నమ్మాలి. నమ్మితే ఏమయిందో విన్నారు కదా. నిజానికి నేర్చుకోవలసిన మాటలు ఎక్కువ కాదు. లీన్ అంటే పెట్రోలు తక్కువ, రిచ్ అంటే ఎక్కువ, సర్క్యూట్ అంటే వైరు దారి, ఓపెన్ అంటే తెగింది, ఇలా ముప్పై నలభై మాటలు. మేమూ మా విద్యార్థీ కలిసి ఒక నోటుబుక్కులో ఇంగ్లీషు మాట, పక్కన ఉర్దూ, దాని పక్కన తెలుగు రాసినాము. మూడు నెలల్లో వాడు మమ్మల్ని అడగడం మానేసినాడు. ఇప్పుడు ఉస్తాద్ చెవి పెట్టి వింటుంటే, వాడు పక్కన నిలబడి అంకె చదివి చెప్తాడు. ఆ నోటుబుక్కు ఎవరికి కావాలన్నా రాసుకొని పోవచ్చు.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. పిల్లవాడికి బండ్ల మీద మనసుంటే వద్దనకండి, అది గౌరవమైన పని. కానీ పదో తరగతి దాటనివ్వండి. పాసైతే ఐటీఐలో మోటారు మెకానిక్కు ట్రేడు రెండేళ్ళు చదువుకోవచ్చు. సెలవుల్లో ఉస్తాద్ దగ్గర చేతిపని నేర్చుకోవచ్చు. చదువూ, చెయ్యీ రెండూ ఉన్నవాడికి ఏ యంత్రం వచ్చినా భయం లేదు.

బండి గలవారికి ఇంకొక మాట. షెడ్డుకు పోయి "దీపం ఆర్పు" అని అడగకండి. "ఎందుకు వెలిగిందో చూడు" అని అడగండి. ఆ చూసినందుకు, వస్తువేదీ మార్చకపోయినా, కూలీ ఇవ్వండి. వెతికిన పనికి కూలీ ఇవ్వకపోతే, పాపం వాళ్ళు వస్తువులు మార్చే సంపాదించుకోవలసి వస్తుంది.

ఆ ఉస్తాద్ ఈ రోజు వెనుక వరసలో కూర్చొని ఉన్నాడు. ఆయన అనుమతి అడిగే ఈ కథ చెప్పినాము. ఆ రోజు షాగిర్దుల ముందు ఆయన్ని తీసిపారేసినట్టు మాట్లాడినాము. అది తప్పు. అప్పుడు నలుగురి ముందు అన్నాము కాబట్టి, ఇప్పుడు నాలుగు వందల మంది ముందు క్షమాపణ అడుగుతున్నాము.